పడవ మోటారులో బ్యాటరీకి చార్జి ఎక్కకుండుట

పడవ వెనుకపలకకు వెలుపల బిగించి, క్రిందికి దిగిన కాడ చివరనున్న పంకాను నీటిలో త్రిప్పుచు పడవను నడుపు యంత్రమునకు అవుట్‌బోర్డు మోటారని పేరు. నార్వే దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడు అను నతడు 1909వ సంవత్సరమున మిల్వాకీ నగరమందు ఇట్టి యంత్రమును అమ్మకమునకు తెచ్చి, దానికి లోకవ్యాప్తి కలిగించెను. ఆయన పేరుగల మోటారుల తయారీ 2020లో ఆగిపోయినను, ఆ మాదిరి యంత్రములు నేడు ప్రపంచమందలి రేవులన్నిటను కానవచ్చుచున్నవి. మన తూర్పు తీరమున చేపల వేటకు పోవు ఫైబరు పడవలకును, వరదలలో జనులను తరలించు రబ్బరు పడవలకును ఇవియే ఆధారము. 2022 జూలై నెలలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులకు మించి పాఱిన దినములలో లంకగ్రామముల ప్రజలను గట్టెక్కించినవి పడవలే.

ఈ మోటారులలో చిన్నవి త్రాడు లాగినంతనే నడచును. పెద్దవానిని చేతితో త్రిప్పుట కష్టము గనుక, స్టార్టరు అను చిన్న విద్యుద్యంత్రము వానిని త్రిప్పి మేల్కొలుపును. ఆ స్టార్టరు కొద్ది క్షణములే పనిచేసినను, ఆ క్షణములలో నూఱు ఆంపియరుల ప్రవాహమును, ఒక్కొక్కప్పుడంతకు మించియు, బ్యాటరీనుండి లాగుకొనును. మఱియు ఇంధనమును కొలిచి పిచికారి చేయు క్రొత్త మోటారులలో అనేకమునకు, నడచుచున్నంతసేపును బ్యాటరీ యుండవలసినదే. దీపములు, దిక్కు తెలుపు యంత్రము, ఒడ్డుతో మాటలాడు వైర్‌లెస్సు, పడవలో చేరిన నీటిని తోడు పంపు, ఇవియన్నియు దానిమీదనే బ్రతుకును. రోడ్డుమీద కారు ఆగిపోయినయెడల దిగి నడచి పోవచ్చును. మొగ దాటి సముద్రములోనికి పోయిన పడవ ఆగినయెడల దిగుటకు చోటు లేదు.

ఇంతటి ముఖ్యమైన వస్తువు చెడినప్పుడు మనవారు చేయు చికిత్స యెట్టిదనగా, మొదట క్రొత్త బ్యాటరీ కొందురు. అదియు నిలువకపోయినయెడల రెక్టిఫయరు మార్తురు; పిదప స్టేటరు మార్తురు. ఇది జ్వరము వచ్చిన బిడ్డకు అంగడిలోని మందులన్నియు వరుసగా పోయుట వంటిది. కొలిచి చూచినగాని దేనిని మార్చగూడదని మా అభిప్రాయము. కొలుచుటకు కావలసినది మల్టీమీటరు ఒక్కటి మాత్రమే. దాని ఖరీదు బ్యాటరీ ఖరీదులో చిన్న భాగము. ఆ కొలతల వెనుకనున్న శాస్త్రము పదవ తరగతి విద్యార్థు లెఱిగినదే.

విద్యుత్తు పుట్టు విధమును ముందు చెప్పుదుము. మోటారు పైభాగమున ఫ్లైవీలు అను బరువైన చక్రము గలదు. దాని లోపలి అంచున అయస్కాంతములు అతికింపబడి యుండును. చక్రము తిరుగునపుడు ఆ అయస్కాంతములు, లోపల కదలక నిలిచియున్న రాగి తీగ చుట్టల చుట్టును పరుగెత్తును. ఈ చుట్టల సమూహమే స్టేటరు. అయస్కాంత క్షేత్రము మాఱునపుడు తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేలు ఫారడే కనిపెట్టిన సూత్రము ఇచ్చట పనిచేయుచున్నది. అయితే ఇట్లు పుట్టిన ప్రవాహము క్షణక్షణమునకు దిశ మార్చుకొనును. బ్యాటరీకి కావలసినది ఒకే దిశగా పాఱు ప్రవాహము. కావున నడుమ రెక్టిఫయరు అను పరికరము నుంచిరి. అందు డయోడులు గలవు. ఇవి ఒక వైపునకు మాత్రమే తెఱచుకొను తూము తలుపులవంటివి: పోటు నీటిని లోనికి రానిచ్చి, పాటున వెలుపలికి పోనీయవు. మోటారు వేగము హెచ్చినకొలది ఓల్టులును హెచ్చును గనుక, వానిని పదునాలుగు, పదునాలుగున్నర ఓల్టులకు మించనీయక అడ్డగించు రెగ్యులేటరు తఱచుగా ఆ పెట్టెలోనే చేర్చబడి యుండును. అచ్చటినుండి ప్రవాహము ఫ్యూజు గుండ పోయి బ్యాటరీ ధనధ్రువమును చేరి, ఋణధ్రువమునుండి లావుపాటి నల్లతీగ ద్వారా మోటారు లోహమునకు తిరిగి వచ్చును. ఈ తిరుగు దారిని జనులు మఱచుచుందురు. ప్రవాహము పోవుటకు దారి యెంత ముఖ్యమో, వచ్చుటకును అంతియే.

సీసపు పలకలు, గంధకికామ్లము గల బ్యాటరీని గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1859లో నిర్మించెను. పండ్రెండు ఓల్టుల బ్యాటరీ యనగా ఆఱు గదులు. నిండినపుడు ఒక్కొక్క గది సుమారు 2.1 ఓల్టు లిచ్చును. కావున నిండు బ్యాటరీ 12.6 ఓల్టులుగాని అంతకు కొంచెము ఎక్కువగాని చూపవలెను. 12.4 చూపినయెడల ముప్పాతిక, 12.2 అయిన సగము, 12.0 అయిన పావు మిగిలినదని యెంచవలెను. 11.8కి దిగినది ఖాళీయైనట్లే. చదువరులు ఇచ్చట గమనింపవలసిన దేమనగా, నిండునకును ఖాళీకిని నడుమ భేదము ఒక్క ఓల్టుకంటె తక్కువ. పండ్రెండు ఓల్టులున్నవి గదాయని సంతోషించువాడు నాలుగింట మూడుపాళ్లు పోగొట్టుకొన్నవాడు! చార్జి చేసిన వెంటనే కొలువరాదు. అప్పుడు పైపై ఓల్టులు కొన్ని అదనముగా కనబడును. కొన్ని గంటలు విశ్రాంతిగా నుంచి కొలిచినదే సత్యము.

పరీక్షను ఎల్లప్పుడును బ్యాటరీతోనే ఆరంభింపవలెను. దగ్గఱకు పోవుటకు ముందు చుట్టుపట్ల బీడీ, చుట్ట, లాంతరు లేకుండ చూచుకొనుడు. చార్జి ఎక్కుచున్న బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును; పెట్రోలు ఆవిరి సరేసరి. ఆమ్లము కంటిలో పడకుండ కండ్లద్దములు ధరింపవలెను. మూతలు తీయుటకు వీలున్న బ్యాటరీలలో ద్రవము పలకలకు పైగా నున్నదో లేదో చూచి, తక్కువైన డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. నూతినీరును కుళాయినీరును పనికిరావు. వానిలోని లవణములు పలకలను చెఱచును. హైడ్రోమీటరున్నచో ఆఱు గదులను వేఱువేఱుగా కొలువుడు. నిండినది 1.265 ప్రాంతమునను, సగమైనది 1.190 ప్రాంతమునను నిలుచును. అయిదు గదులు ఒక తీరుగ నుండి ఆఱవది మిక్కిలి తక్కువగా నున్నయెడల ఆ గది చెడినది. అట్టి బ్యాటరీకి ఎంత చార్జి చేసినను ప్రయోజనము లేదు. హైడ్రోమీటరు లేనివారికి వేఱొక సూచన గలదు. ఎంత చార్జి చేసినను ఓల్టులు పదిన్నర ప్రాంతమున ఆగిపోయిన, ఒక గది చచ్చినదని తెలియును: ఆఱు గదుల 12.6లో 2.1 తీసివేయగా 10.5 గదా.

తరువాత స్టార్టరు త్రిప్పునపుడు ఓల్టులెంత పడునో చూడవలెను. నిండు బ్యాటరీ ఆ సమయమున తొమ్మిదిన్నరకు దిగువగా పడిపోయినయెడల, అది పైకి నిండినట్లు కనబడుచున్నను లోపల సత్తువ లేనిది.

బ్యాటరీ మంచిదని తేలిన పిమ్మట కొనలను చూడుడు. సముద్రపు గాలి తగులు చోట బ్యాటరీ కొనలమీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టును. నీటిలో వంటసోడా కలిపి పోసిన అది పొంగి కఱగిపోవును. పిదప మంచినీటితో కడిగి, ఆఱనిచ్చి, గీకి, బిగించి, పైని కొంచెము గ్రీజు పూయవలెను. సోడానీరు గదులలోనికి పోకుండ మూతలు బిగించుట మఱవరాదు. చేతితో త్రిప్పు రెక్కల నట్టులను మేము మెచ్చము. పడవ అలలమీద ఎగిరెగిరి పడునపుడు అవి మెల్లమెల్లగా వదులగును. పానాతో బిగించు ఆఱు పలకల నట్టు, దాని క్రింద తిరుగకుండ పట్టు వాషరు ఉండవలెను. తీగను పట్టి లాగినపుడు ఏ మాత్రము కదలినను అది బిగువు కాదు.

ఇప్పుడు మోటారును నడిపి కొలువవలెను. ఒడ్డున నీరు లేక నడుపరాదు. లోపలి నీటిపంపుయొక్క రబ్బరు చక్రము స్వల్పకాలములోనే చెడిపోవును. నీటిలో కట్టియుంచియో, గొట్టముతో నీరందించియో నడుపుడు. పంచె కొంగు, కండువా, వదులు చొక్కా ఫ్లైవీలు దగ్గఱకు రానీయకుడు. మోటారు ఆగియున్నపుడు బ్యాటరీ కొనలమధ్య ఓల్టులెన్నియో వ్రాసికొని, నడిపించి, మెల్లని నడకలో నొకమారును, నిమిషమునకు రెండువేల చుట్ల ప్రాంతమున మఱియొకమారును కొలువుడు. ఓల్టులు 13.8కిని 14.5కిని నడుమకు ఎక్కినయెడల చార్జి ఎక్కుచున్నది. లోపము వేఱొక చోట నున్నది. మునుపటి 12.4 గాని 12.3 గాని అట్లే నిలిచియుండిన, లేక క్రమముగా దిగుచుండిన, చార్జి ఎక్కుట లేదు. మెల్లని నడకలో కొద్దిగానే ఎక్కుట సహజము గనుక ఆ కొలతను చూచి భయపడరాదు.

చార్జి ఎక్కనియెడల ఫ్యూజును తీసి చూడుడు. కంటికి బాగుగ కనబడిన ఫ్యూజును నమ్మక మీటరుతో పరీక్షింపవలెను. సన్నని పగులు కంటికి కానరాదు. కాలిన ఫ్యూజుకు బదులు అదే ఆంపియరుల ఫ్యూజు వేయవలెనే గాని, లావైనది వేయుటయు, రాగి తీగ చుట్టుటయు పడవకు నిప్పు పెట్టుకొనుటయే. ఫ్యూజు మరల మరల కాలుచున్నయెడల ఎక్కడనో తీగ ఒరసికొని లోహమును తాకుచున్నదని తెలిసికొని వెదకవలెను.

ఫ్యూజును బాగుగనే యున్నది, అయినను చార్జి ఎక్కదు. ఇచ్చటనే అనేకులు స్టేటరుకు ధర అడుగుటకు బయలుదేరుదురు. వారు దాటిపోవు పరీక్ష యొకటి గలదు. దానినే విస్తరించి చెప్పదలచితిమి.

1827లో ఓము ప్రకటించిన నియమము ప్రకారము, ప్రవాహమును నిరోధముతో గుణించిన ఓల్టులు వచ్చును. పది ఆంపియరులు పాఱు దారిలో చిలుము పట్టిన అతుకొకటి ఓములో పదియవ వంతు నిరోధము కలిగించినదనుకొందము. పది ఇంటు పదియవ వంతు ఒక ఓల్టు. రెక్టిఫయరు 14.2 ఇచ్చినను బ్యాటరీకి చేరునది 13.2 మాత్రమే; మిగిలిన ఓల్టు ఆ అతుకులో వేడియై పోవుచున్నది. నిండునకును ఖాళీకిని భేదము ఒక ఓల్టు లోపలనే యని పైని చెప్పితిమి. కావున ఈ నష్టము స్వల్పము కాదు. బ్యాటరీ యెన్నడును నిండకుండుటకు ఇది చాలును. మోటారు ఆపి ఓములు కొలిచినచో ఈ లోపము కనబడదు. సామాన్య మల్టీమీటరు అంతటి చిన్న నిరోధమును సరిగా చూపలేదు. ప్రవాహము పాఱుచుండగా ఓల్టుల నష్టమును కొలువవలెను.

కొలుచు విధ మిది. మోటారు రెండువేల చుట్లమీద నడచుచుండగా, మీటరును ఓల్టులమీద నుంచి, ఒక కొనను రెక్టిఫయరునుండి వెలువడు ధన తీగకును, రెండవ కొనను బ్యాటరీ ధనధ్రువమునకును తాకింపుడు. దారి శుభ్రముగా నున్న మీటరు సున్నకు దగ్గఱగా, 0.2 ఓల్టులకు లోపుగ చూపును. అర ఓల్టుకు మించినచో ఆ దారిలో చెడు అతుకు గలదు. పిదప ఒక కొనను మోటారు లోహమునకును, రెండవదానిని బ్యాటరీ ఋణధ్రువమునకును తాకించి తిరుగు దారిని అట్లే కొలువుడు. ధ్రువమనగా సీసపు మొలకయే. దానికి తగిలించిన క్లాంపు కాదు. క్లాంపుమీద కొలిచిన, ఆ రెంటి నడుమనున్న చిలుము మన కొలతకు అందక తప్పించుకొనును.

మా విద్యార్థులలో నొకని తండ్రి ఒక యేడాదిలో రెండు బ్యాటరీలు కొనెను. రెండవదియు నిలువలేదు. ఒక శనివారము మేము విద్యార్థులతో రేవునకు పోగా ఆయన, "స్టేటరు కాలిపోయిందంటున్నారు మాస్టారండీ. మార్చాలంటే బ్యాటరీ ఖరీదుకి నాలుగింతలవుద్దంట" అనెను. ఇంట కమ్మలు తాకట్టునకు సిద్ధమైనవని ఆయన కుమారుడు మెల్లగా మాతో చెప్పెను. విద్యార్థులు ముగ్గురు మీటరు పట్టిరి. మోటారు నడచుచుండగా బ్యాటరీమీద 12.7, రెక్టిఫయరు వెలువడు చోటను మోటారు లోహమునకును నడుమ 14.3. పుట్టుచున్న ఓల్టులు పుట్టుచునే యున్నవి, దారిలో 1.6 మాయమగుచున్నవి. ధన దారిలో నష్టము 0.1. తిరుగు దారిలో 1.5! నల్లతీగను మోటారునకు బిగించిన బోల్టు విప్పి చూడగా, తీగ చివరి లోహపు ఉంగరము క్రింద ఉప్పును చిలుమును పేరుకొని యుండెను. పైకి మాత్రము రంగు నిగనిగలాడుచుండెను. ఉప్పుకాగితముతో రుద్ది, తీగకు క్రొత్త ఉంగరము వేసి బిగించిరి. మరల కొలువగా బ్యాటరీమీద 14.1. ఉంగరమునకైన ఖర్చు ఒక టీ ఖరీదు. ఉన్న బ్యాటరీని ఒక రాత్రి బయటి చార్జరుమీద పూర్తిగా నింపి పడవలో పెట్టిరి. ఆ స్టేటరే నేటికిని నడచుచున్నది. మొదటి బ్యాటరీని మాత్రము అప్పటికే పాత సామానువానికి అమ్మివేసిరి. అది బహుశః మంచిదే అయియుండును.

దారి శుభ్రముగా నుండి, రెక్టిఫయరువద్దనే ఓల్టులు లేనప్పుడు మాత్రమే స్టేటరును అనుమానింపవలెను. మోటారు ఆపి, స్టేటరునుండి రెక్టిఫయరునకు పోవు తీగలను విడదీయుడు. అవి అనేక మోటారులలో పసుపు రంగువి. కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. ఒక తీగకును మఱియొక తీగకును నడుమ నిరోధము మిక్కిలి తక్కువగా, సామాన్యముగా ఒక ఓము ప్రాంతముననో అంతకు లోపుగనో యుండును. సరియైన సంఖ్యకు ఆ మోటారుయొక్క సర్వీసు పుస్తకమును చూడవలెను. తీగకును మోటారు లోహమునకును నడుమ మాత్రము ఏ సంబంధమును ఉండరాదు. ఉన్నచో చుట్టపైనున్న పూత కాలి తీగ లోహమును తాకుచున్నది. పిదప తీగలను విడదీసియే యుంచి మోటారు నడిపి, మీటరును ఏకాంతర ప్రవాహపు ఓల్టులమీద నుంచి తీగల నడుమ కొలువుడు. ఈ తీగలమీద ఓల్టులు చాల ఎక్కువగా నుండవచ్చును గనుక వట్టి చేతితో తాకరాదు. వేగముతో పాటు ఓల్టులు హెచ్చుచు, అన్ని జంటలయందును సమానముగా నున్నయెడల స్టేటరు మంచిది. ఒక జంట వెనుకబడిన, ఆ చుట్టలో లోపమున్నది.

స్టేటరు మంచిదై, దారి మంచిదై, చార్జి మాత్రము లేనిచో మిగిలినది రెక్టిఫయరే. బ్యాటరీ తీగను విప్పి, మీటరును డయోడు గుఱుతుమీద నుంచి పరీక్షింపుడు. ఒక వైపున సుమారు 0.4 మొదలు 0.7 వఱకును చూపి, కొనలు తాఱుమాఱు చేయగా ఏమియు చూపనిది మంచి డయోడు. రెండు వైపులను ప్రవాహము పోనిచ్చునది విఱిగిన తూము తలుపు. అది చార్జి చేయకుండుటయేగాక రాత్రివేళ బ్యాటరీని వెనుకకు ఖాళీ చేయును. ఏ వైపునను పోనీయనిది మూసికొనిపోయినది. కొన్ని క్రొత్త రెగ్యులేటరులు ఈ పరీక్షకు లొంగవు. వానికి సర్వీసు పుస్తకము చెప్పినదే ప్రమాణము. మఱొక మంచి సూచన: అనేక మోటారులలో చుట్లు లెక్కించు గడియారము ఈ చార్జి దారినుండియే తన లెక్క తీసికొనును. చార్జితో పాటు ఆ గడియారపు ముల్లును పడిపోయినయెడల స్టేటరునో రెక్టిఫయరునో అనుమానించుట న్యాయము. ముల్లు బాగుగ నడచుచు చార్జి లేనిచో ముందు ఫ్యూజును అతుకులను వెదకుడు.

రెక్టిఫయరులు ముసలితనముచే చచ్చుట అరుదు, మనమే చంపుచున్నాము. బ్యాటరీ తీగలను తాఱుమాఱుగా తగిలించిన డయోడులు తత్క్షణమే కాలును. మోటారు నడచుచుండగా బ్యాటరీ తీగను ఊడదీసినను, బ్యాటరీ స్విచ్చిని ఆపినను, పోవుటకు దారిలేని విద్యుత్తు ఒక్కసారిగా ఓల్టులు పెంచుకొని ఆ పెట్టెను పగులగొట్టును. "తీగ తీసినను మోటారు ఆగకున్న చార్జి బాగున్నట్టే" యని కొందఱు చేయు పరీక్ష యిట్టిదే. దానిని విద్యార్థులు ఎవరిని చూచియు నేర్చుకొనవలదు.

లోపము ఎదురుగా నుండుటయు కద్దు. ఓల్టులు పదునైదుకు మించి పోవుచున్న రెగ్యులేటరు పనిచేయుట లేదు. బ్యాటరీ వేడెక్కును, గ్రుడ్లు కుళ్లిన వాసన వచ్చును, నీరు మాటిమాటికి తగ్గును. అట్లయిన వెంటనే మోటారు ఆపి, ఆ పెట్టెను మార్పింపవలెను.

ఇన్ని పరీక్షలలోను అంతయు బాగుగ నుండి, బ్యాటరీ మాత్రము వారము వారము ఖాళీయగుచున్నదనుకొందము. అప్పుడు యంత్రము విడిచి లెక్కలోనికి రావలెను. ఒక చిన్న మోటారు పూర్తి వేగముమీద 6 ఆంపియరులు, మెల్లని నడకలో 2 ఆంపియరులు ఇచ్చునదని తీసికొందము. పడవమీద దీపములకు 2, చేపల జాడ తెలుపు యంత్రమునకు 1, వైర్‌లెస్సునకు 1, వెరసి 4 ఆంపియరులు కావలెను. వేటలో 5 గంటలు మెల్లగా నడచిన, గంటకు 2 చొప్పున 10 ఆంపియరు-గంటలు బ్యాటరీనుండి పోవును. తిరుగు ప్రయాణమున ఒక గంట పూర్తి వేగముమీద వచ్చిన, 2 ఆంపియరు-గంటలు చేరును. దినమునకు నష్టము 8. ఏడు దినములకు 56. బ్యాటరీ 70 ఆంపియరు-గంటలదైన వారము చివర అది దాదాపు ఖాళీ. ఇందు చెడిన వస్తు వేదియు లేదు. వచ్చుబడికి మించిన ఖర్చున్న కుటుంబమునకు పెట్టె మార్చిన లాభమేమి? సన్నని ఎల్‌ఇడి దీపములు వేసికొనుటయో, దీపములకు వేఱు బ్యాటరీ నుంచి ఒడ్డున చార్జి చేయుటయో, స్టార్టరునకు మాత్రము ఒక బ్యాటరీని ముట్టక విడుచుటయో చేయవలెను. ఈ చివరిదే మాకు మిక్కిలి సమ్మతము.

ఇంకను నొక దొంగ గలడు: పడవ కట్టియున్నపుడును ఏదియో విద్యుత్తును త్రాగుచుండుట. అన్నిటిని ఆపి, ఋణ తీగను విప్పి, ఆ తీగకును ధ్రువమునకును నడుమ మీటరును ఆంపియరులమీద నుంచి చూచిన తెలియును. మీటరు అట్లున్నపుడు స్టార్టరును త్రిప్పితిరా, మీటరు కాలును. మీటరును ఆంపియరులమీద నుంచి బ్యాటరీ రెండు కొనలకును తిన్నగా తాకించుటయు అట్టిదే. ముల్లుగాని అంకెగాని కదలిన ఒక్కొక్క ఫ్యూజునే తీయుచు పొండు. ఏది తీసినపుడు ప్రవాహము ఆగునో ఆ దారిలో దొంగ గలడు.

ఇటీవల లిథియము బ్యాటరీలు పడవలలోనికి వచ్చుచున్నవి. పైని చెప్పిన ఓల్టుల లెక్క వానికి చెల్లదు. పాత మోటారుల చార్జి వానికి సరిపడునో లేదో తయారుచేసినవారి పుస్తకమును చూడకయే బిగింపరాదు.

ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మన తూర్పు తీరమున చేపల వేట నిషేధము. పడవ లన్నియు ఒడ్డునకెక్కును. బ్యాటరీ దానిలోనే యుండిపోవును. ఏదియో చిన్న యంత్రము ఓ ఆంపియరులో ఇరువదియవ వంతు, అనగా 0.05, మాత్రమే త్రాగుచున్నదనుకొనుడు. దినమునకు 1.2 ఆంపియరు-గంటలు, 61 దినములకు 73. 70 ఆంపియరు-గంటల బ్యాటరీ వేసవి ఎండలో ఖాళీయై పడియుండగా, పలకలమీద గట్టి గంధకిత మేర్పడి, తరువాత ఎంత చార్జి చేసినను కోలుకొనదు. జూనులో రేవులయందు బ్యాటరీలు ఇన్ని చచ్చుటకు కారణ మిదియే. ఏప్రిలులో పడవ ఒడ్డునకు చేర్చిన దినముననే మొదట ఋణ తీగను, పిదప ధన తీగను విప్పి, బ్యాటరీని ఇంటికి తెచ్చి, నీడగల గాలి వచ్చు చోట నుంచి, నెలకొకమారు చార్జి చేయుడు. జూనులో మరల బిగించునపుడు ధన తీగ ముందు, ఋణ తీగ తరువాత.